పెళ్లి ఆరు వారాల్లో ఉండగా ముఖానికి దారాలు వేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 47. అనంతపురంలో టీచరుగా చేస్తున్నాను. ఆరు వారాల్లో మా అమ్మాయి పెళ్లి. ఏడాదిన్నర కిందట షుగర్ ఉందని తేలాక డైట్ చేసి పన్నెండు కిలోలు తగ్గాను. షుగర్ అదుపులోకి వచ్చింది గానీ బుగ్గలు జారి, నోటి పక్కన గీతలు పడి, ఫోటోల్లో మా అత్తగారి కంటే పెద్దదానిలా కనిపిస్తున్నాను. మంగు మచ్చలు కూడా ఉన్నాయి. చర్మం కింద కరిగిపోయే దారాలు వేస్తే ముఖం బిగుతు అవుతుందని రీల్స్‌లో చూశాను. బెంగళూరులో ఒక క్లినిక్‌ వాళ్లు లక్షా పాతిక వేలు చెప్పారు. ఇక్కడే ఒక పార్లర్‌లో పద్దెనిమిది వేలకే వేస్తామంటున్నారు. మా తోడికోడలు పది రోజుల కిందట అక్కడే వేయించుకుంది, ఆమెకు చెవి ముందు ఏదో గుచ్చుకుంటున్నట్టు ఉందట. దారం లోపలే ఉండిపోతే ప్రమాదమా? ఎన్నేళ్లు పనిచేస్తుంది? నొప్పి ఎక్కువగా ఉంటుందా? ఎక్కడ వేయించుకోమంటారు?

సమాధానం: టీచర్ గారూ, ముందు మీ తోడికోడలి సంగతి చూద్దాం. చెవి ముందు గుచ్చుకుంటున్నది దారం కొసే అయి ఉండవచ్చు. దాన్ని గోటితో లాగొద్దని, నెయిల్ కట్టర్‌తో కత్తిరించొద్దని, నొక్కి లోపలికి నెట్టొద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. మళ్లీ ఆ పార్లర్‌కే వెళ్తే వాళ్లు ఈ మూడింట్లో ఏదో ఒకటి చేస్తారు. రేపు ఉదయమే స్కిన్ డాక్టరుకో, ప్లాస్టిక్ సర్జన్‌కో చూపించమనండి. ఖర్చు గురించి వెనకాడుతుంటే మన సర్వజన ఆస్పత్రిలో స్కిన్ ఓపీ ఉంది, అక్కడికి వెళ్లినా సరిపోతుంది. కొంచెం మత్తు సూది ఇచ్చి, సన్నని రంధ్రంలోంచి ఆ కొసను కత్తిరిస్తారు, లేదా దారాన్నే తీసేస్తారు. చిన్న పని. నాన్చితే మాత్రం కొస చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది, అదే దారిలో క్రిములు లోపలికి పోతాయి. అక్కడ ఎర్రబడి వేడిగా తగిలినా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా రేపటిదాకా కూడా ఆగకూడదు. ఏ దారం వేశారో ఆ పెట్టె ఫోటో అడిగి తీసుకోమనండి. ఇస్తారన్న నమ్మకం నాకు లేదు, అయినా అడగాలి.

ఇక మీ సంగతి. ఆరు వారాల్లో పెళ్లి పెట్టుకుని దారాలు వద్దు. పెళ్లి లేకపోయినా, మీరు రాసినదాన్ని బట్టి మీ ముఖానికి మొదట కావలసింది దారం కాదనే అంటాను. ఎందుకో చెప్పడానికి కొంచెం వివరంగా రాయాలి.

దారం గురించి మీ భయం సగం అనవసరం. ఎక్కువమంది వాడేది పాలీడయాక్సనోన్, అంటే పీడీఓ. ఇది బ్యూటీ వాళ్లు కొత్తగా కనిపెట్టినది కాదు, 1980ల మొదటి నుంచి ఆపరేషన్ థియేటర్లలో లోపలి కుట్లకు వాడుతున్న పదార్థమే. ఒంట్లోని నీటితోనే మెల్లగా విరిగి సుమారు ఆరు నెలల్లో కరిగిపోతుంది. ఇంకా నిదానంగా కరిగేవి కూడా ఉన్నాయి. పాలీ లాక్టిక్ యాసిడ్‌తో చేసినవి, పాలీకాప్రోలాక్టోన్‌తో చేసినవి ఏడాది పైగా ఉంటాయి. అసలు ఈ పద్ధతి మొదలైంది కరగని దారాలతో. 1990ల చివర్లో రష్యాలో మార్లెన్ సులమనిడ్జే అనే సర్జన్ ముళ్లున్న పాలీప్రొపిలీన్ దారాలను ముఖంలో వేయడం మొదలుపెట్టారు. ఆ తరం దారాలు కొందరికి ఏళ్ల తర్వాత బయటికి పొడుచుకొచ్చి, చేత్తో తాకితే తెలిసి ఇబ్బంది పెట్టాయి. అందుకే ఇప్పుడు కరిగే దారాల వైపు వచ్చారు.

అయితే కరిగిపోవడం అనే ఈ సుగుణమే దాని పరిమితి కూడా. దారం పూర్తిగా మాయం కావడానికి ఆరు నెలలు పట్టినా, లాగి పట్టుకునే బలం అంతకంటే చాలా ముందే తగ్గిపోతుంది. మొదటి నెలన్నరలోనే సగం దాకా పోతుంది. ఆ తర్వాత ఏం నిలబెడుతుందని అడిగితే, దారం చుట్టూ ఒళ్లు అల్లుకున్న కొల్లాజెన్, అంటే చర్మానికి బిగువునిచ్చే మాంసకృత్తి, అంటారు. అల్లుకోవడం నిజమే. అది జారిన బుగ్గను ఏళ్ల తరబడి మోస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ఇటలీ సర్జన్లు ముళ్ల దారాలు వేసిన 160 మందిని ఏడాది పాటు గమనించి 2019లో ఫలితాలు ప్రచురించారు. మొదట కనిపించిన బిగువు నెలలు గడిచేకొద్దీ తగ్గుతూ, ఏడాది నాటికి దాదాపు పాత స్థితికే వచ్చింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నేను చూసేది కూడా ఇంచుమించు ఇదే. ఆరు నెలల నుంచి ఏడాది. రెండేళ్లు, మూడేళ్లు అని చెప్పేవాళ్లను మూడేళ్ల నాటి పేషెంటు ఫోటో, అదే వెలుతురులో అదే కోణంలో తీసినది, చూపించమనండి.

పార్లర్ వాళ్లు పద్దెనిమిది వేలకు ఏం వేస్తారో తెలుసుకోవాలంటే దారాల్లో రకాలు తెలియాలి. మోనో అనేది నున్నటి సన్న దారం, వెంట్రుకంత సూదిలో ఉంటుంది. ఒక్కో ముఖానికి ఇరవై, ముప్పై కూడా గుచ్చుతారు. అది దేన్నీ పైకి లాగదు, లాగలేదు, ఎందుకంటే పట్టుకోవడానికి దానికి ముళ్లే ఉండవు. చర్మం కాస్త నునుపుగా, నిండుగా అనిపించవచ్చు. వేసిన వారానికి కనిపించే మెరుపులో పెద్ద భాగం సూదిపోట్ల వాపే. రెండోది కాగ్, ముళ్ల దారం. చేనుగట్టున నడుస్తుంటే చీర కుచ్చిళ్లకు పట్టుకునే గడ్డిముల్లు ఒకవైపే జరుగుతుంది గానీ వెనక్కి రాదు చూడండి, ఈ ముళ్ల పనితనం అదే. చర్మం కింది కొవ్వును అవి పట్టుకుంటే, పైకి లాగి అక్కడ నిలబెడతారు. జారుడుకు కాస్తో కూస్తో పనిచేసేది ఇదొక్కటే. ఒక్కో వైపు రెండు నుంచి నాలుగు దాకా వేస్తారు. కాబట్టి ఎవరైనా "నలభై దారాలు వేస్తాం" అని గొప్పగా చెబితే అవి మోనోలు అని అర్థం చేసుకోండి. ముళ్ల దారాలు ఎన్ని, ఏ కంపెనీవి అని అడిగితే చాలా చోట్ల మాట అక్కడే ఆగిపోతుంది.

నొప్పి అడిగారు. కూర్చోబెట్టే ముఖం మీద పెన్నుతో గీతలు గీస్తారు, పడుకుంటే జారుడు కనిపించదు కాబట్టి. కణత దగ్గర జుట్టు మొదలయ్యే చోట మత్తు సూది ఇస్తారు, దారం వెళ్లే దారి పొడవునా కూడా. ఆ మత్తు మందు మండుతుంది, అసలు నొప్పి అంటే అదే. తర్వాత అక్కడ చిన్న రంధ్రం చేసి, మొన మొద్దుగా ఉన్న సన్నని గొట్టాన్ని చర్మం కిందుగా నోటి మూల దిశగా తోస్తారు. నొప్పి ఉండదు గానీ లోపల ఏదో పాకుతున్నట్టు తెలుస్తుంది. గొట్టం బయటికి తీసి దారం లాగేటప్పుడు ముళ్లు ఒక్కొక్కటిగా కొవ్వును పట్టుకుంటుంటే చెవిలో సన్నగా కరకరమని వినిపిస్తుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆ చప్పుడుకే లేచి కూర్చునేవాళ్లు ఉన్నారు. మొత్తం ముప్పావు గంట పని. ఇంటికి వెళ్లాక అయిదారు రోజులు నోరు పెద్దగా తెరిస్తే, గట్టివి నమిలితే లోపల పీకుతుంది. వారం పది రోజులు సంగటి, పప్పు లాంటి మెత్తటివే తినాలి, మాంసం ముక్కలు, వక్కాకు వద్దు. వెల్లకిలా పడుకోవాలి. రెండు మూడు వారాలు పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచి కూర్చోకూడదు. నెల దాకా ముఖానికి మసాజ్, ఫేషియల్ ఉండకూడదు.

ఇప్పుడు మీ పెళ్లి పనులు లెక్కలోకి తీసుకోండి. నలుగు పెడతారు. పెళ్లికూతురికే కాదు, తల్లికీ బుగ్గలకు పసుపు రాసి రుద్దేవాళ్లు ఉంటారు, వద్దంటే అలుగుతారు. దారం వేసిన నెలలోపు ఆ రుద్దుడు పడితే ముళ్లు పట్టు తప్పవచ్చు, మానని రంధ్రంలోకి పసుపూ పిండీ పోవచ్చు. నెల దాటినా ఇంకో చిక్కు ఉంది. దారం వేసిన చోట చర్మం లోపలికి గుంట పడటం ఈ పనిలో మామూలుగా ఎదురయ్యే ఇబ్బంది. చాలావరకు రెండు వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి సర్దుకోదు, డాక్టరే చేత్తో నొక్కి వదిలించాలి. నవ్వితే ఒక బుగ్గ మీద గుంట, రెండో బుగ్గ మామూలుగా. పెళ్లి ఆల్బమ్‌లో ప్రతి ఫోటోలోనూ అదే. కమిలిన నీలం మన ఛాయ మీద గోధుమ రంగు మరకగా మిగిలి నెలలు పట్టడం కూడా చూస్తుంటాను, మీకు అసలే మంగు ఉందన్నారు. ఫంక్షన్ కోసమే చేయించుకునేవాళ్లకు కనీసం మూడు నెలల ముందు రమ్మంటాను.

తేదీ గొడవ పక్కన పెడదాం. మీ ముఖంలో అసలు ఏం మారింది?

వయసుతో ముఖం పాడైందని అందరూ ఒకే మాటగా అంటారు గానీ లోపల జరిగేవి మూడు వేర్వేరు పనులు. చర్మం ఎండకు దెబ్బతిని సన్నబడి, మచ్చపడి, ముడతపడుతుంది. చర్మం కింద కొవ్వు, దవడ ఎముక, పళ్లు తగ్గి ముఖం లోపలికి పోతుంది. పట్టుకుని ఉంచే కట్లు సాగి ఉన్న కొవ్వు కిందికి జారుతుంది. ముళ్ల దారం పనిచేసేది ఈ మూడోదాని మీదే, అదీ కొంచెంగా జారినప్పుడే. మన జిల్లాలో నేను చూసే ముఖాల్లో మొదటిదీ రెండోదీ ఎక్కువ, మూడోది తక్కువ. ఏడాదిలో ఎన్ని రోజులు మబ్బు పడుతుందో వేళ్ల మీద లెక్కపెట్టుకునే ఊరు మనది. శెనగ చేలల్లో కలుపు తీసే అమ్మల సంగతి సరే, స్కూటీ మీద స్కూలుకు పోయివచ్చే టీచర్లకు కూడా కుడి బుగ్గకూ ఎడమ బుగ్గకూ తేడా తెలుస్తుంది, రోజూ వెళ్లే దారిలో ఎండ ఎటు తగిలితే అటు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చుని, చెవి ముందు రెండు వేళ్లు ఆనించి చర్మాన్ని చిటికెన వేలి వెడల్పంత పైకి, వెనక్కి జరపండి. దవడ గీత బాగుపడి, నోటి పక్క గీత తేలికైతే మీకు జారుడు ఉన్నట్టు. దారంతో వచ్చేది ఆ బాగులో సగమో, అంతకంటే తక్కువో. తర్వాత వెల్లకిలా పడుకుని అద్దం పైకెత్తి చూసుకోండి. పడుకున్నప్పుడు మాయమైనది జారుడు. పడుకున్నా మిగిలిన మచ్చలు, సన్న గీతలు చర్మానివి. పడుకున్నా బుగ్గ లోపలికే ఉందంటే కొవ్వు తగ్గిందన్నమాట.

మీరు పన్నెండు కిలోలు తగ్గారు. షుగర్‌కు అది చాలా మంచి పని, మళ్లీ బరువు పెరగమని ఏ డాక్టరూ చెప్పడు. కానీ ముఖంలో కొవ్వు తగ్గి, దానికి కొలిచి కుట్టిన చర్మం మిగిలిపోయింది. ఇలాంటి ముఖాన్ని దారంతో పైకి లాగితే పట్టుకోవడానికి లోపల తగినంత కొవ్వు ఉండదు. ముళ్లు చర్మానికి దగ్గరగా వస్తాయి, గుంటలు ఎక్కువ పడతాయి. చాలా దారాలకు ఊదా రంగు వేసి ఉంటుంది, చర్మం పలచగా ఉంటే నీలి గీతలా బయటికి కూడా తెలుస్తుంది. సరిగ్గా మీలాంటి వాళ్లకే రీల్స్ చూపించి అమ్ముతారన్నది నా కోపం. తగ్గిన చోట సూదితో నింపే ఫిల్లర్లున్నాయి, వాటి మంచి చెడ్డలు వేరే, రక్తనాళంలోకి పోతే చూపు పోయే ప్రమాదం దాకా ఉంది కాబట్టి అదీ పార్లర్ పని కాదు. ఇంకోమాట, వెనక దవడ పళ్లు ఏవైనా తీయించుకుని అలాగే వదిలేశారా? అలా వదిలేసినవాళ్ల బుగ్గలు ఏ దారం వేసినా నిండవు. ముందు పళ్లు కట్టించుకుంటే ముఖంలో వచ్చే తేడా చూసి వాళ్లే ఆశ్చర్యపోతారు.

మరో ముఖ్యమైన సంగతి మీరు నాకు చెప్పలేదు, నేనే అడుగుతున్నాను. మంగుకు ఇన్నాళ్లూ ఏం రాశారు? మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే తెల్లబడే క్రీమ్ రాసి ఉంటే దాని వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లుంటే అది స్టెరాయిడ్. డాక్టరు చీటీ మీదే అమ్మాలని 2018లో ఇలాంటి పద్నాలుగు స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. అమ్మకం ఆగలేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా అవుతుంది, ఎండకు భగభగమంటుంది, సన్నటి ఎర్ర నరాలు తేలుతాయి. అలాంటి చర్మం కింద దారం వేయడానికి నేను ఒప్పుకోను. ఉన్నట్టుండి మానేసినా ముఖం ఎర్రబడి మండుతుంది కాబట్టి డాక్టరు చెప్పినట్టు మెల్లగా మానాలి.

ఇబ్బందుల గురించి ఇంకా రాస్తాను, భయపెట్టడానికి కాదు. వాపు, కమలడం చాలామందికి వస్తాయి, పోతాయి. బుగ్గ మొద్దుబారడం కొందరికి కొన్ని వారాలుంటుంది. అరుదుగా వచ్చేవే ప్రమాదం. నోటి మూల ఒకవైపు కదలకపోతే ముఖ నరానికి దెబ్బ తగిలి ఉండవచ్చు. తినేటప్పుడల్లా బుగ్గ ఉబ్బితే లాలాజల గ్రంథికో దాని గొట్టానికో తగిలి ఉండవచ్చు. ఇవి రెండూ బుగ్గలోనే, దారం వెళ్లే దారికి కొద్ది లోతులోనే ఉంటాయి, అందుకే శరీర నిర్మాణం చదివినవాళ్ల చెయ్యి కావాలి. ఇంకొకటి ఆలస్యంగా వస్తుంది. నెల, రెండు నెలల తర్వాత దారం దారిలో చిన్న గడ్డలు లేస్తాయి, పెద్ద నొప్పి ఉండదు, మామూలు యాంటీబయాటిక్‌కు లొంగవు. నీళ్లలో, మట్టిలో ఉండే టీబీ క్రిమి దాయాదులు సరిగా శుభ్రం చేయని పరికరాల ద్వారా లోపలికి పోతే ఇలా అవుతుంది. చీమును కల్చర్‌కు, అంటే ఏ క్రిమో తేల్చే పరీక్షకు పంపి, నెలల తరబడి మందులు వాడాలి. పార్లర్‌లో ఫేషియల్ చేసే కుర్చీలోనే, చేతికి గ్లవుజు ఉందో లేదో అన్నట్టుగా వేసే దారాల గురించి నా మొదటి భయం ఇదే.

అందుకే పార్లర్ అన్న ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు, వద్దు. మత్తు సూది ఇచ్చి చర్మం కింద వస్తువు పెట్టడం వైద్యం. ఎండీ డీవీఎల్ చేసిన చర్మ వైద్యులు, ప్లాస్టిక్ సర్జన్లు చేయాల్సిన పని. బోర్డు మీద కాస్మెటాలజిస్ట్ అని ఉంటే సరిపోదు, ఆ పేరుతో వారాల కోర్సులు కూడా దొరుకుతాయి. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లోనో, బెంగళూరు అయితే కర్ణాటక కౌన్సిల్‌లోనో చూసుకోవచ్చు. అడిగితే మొహం మాడ్చుకునే డాక్టరు దగ్గర చేయించుకోకపోవడమే మంచిది. దారాల పెట్టె మీ ముందే తెరవాలి. దాని మీద తయారీదారు పేరు, దిగుమతి చేసుకున్నదైతే లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి, ఆ స్టిక్కర్ ఒకటి మీ ఫైల్లో అంటించాలి.

బెంగళూరు సంగతి వేరు. అక్కడ మంచి సర్జన్లున్నారు, కాదనను. మన ఊరి నుంచి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, హైవే మీద నాలుగు గంటలు. వెళ్లి చేయించుకుని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. మూడో రోజు రాత్రి బుగ్గ వాచి కన్ను మూసుకుపోతే ఎవరు చూస్తారన్నది అసలు ప్రశ్న. క్లినిక్ నంబరుకు ఫోన్ చేస్తే కౌన్సెలర్ ఎత్తి, ఫోటో వాట్సాప్ చేయమంటుంది. ఇక్కడి డాక్టరుకు ఏం దారం వేశారో, ఏ లోతులో వేశారో తెలియదు. ఇలా ఫోటోలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఉన్నారు, చేయగలిగింది చేస్తాం గానీ అది గుడ్డిగా చేసే పనే. ఎప్పటికైనా బెంగళూరులోనే చేయించుకోవాలనుకుంటే మూడో రోజు, పదో రోజు, నెలకు ఒకసారి వెళ్లిరావడం కూడా లెక్క వేసుకోండి, డబ్బులోనూ సెలవుల్లోనూ. ఆ లక్షా పాతిక వేలలో రిపేరుకు వెళ్తే మళ్లీ తీసుకుంటారా అన్నది కూడా రాతపూర్వకంగా అడగండి. ఏడాది నిలిచేదానికి అంత మొత్తం పెట్టడం మీ ఇష్టం. పెళ్లి ఇంట్లో ఆ డబ్బుకు వేరే పనులుంటాయని మాత్రం అనుకుంటాను.

షుగర్ ఉన్నంత మాత్రాన దారాలు వేయకూడదని లేదు. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ అదుపులో ఉండాలి, అంతే. గుండెకో, పక్షవాతం రాకుండానో ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు అందానికి వేసే దారం కోసం వాటిని సొంతంగా ఆపకూడదు, ఆ మాత్ర రాసిన డాక్టరునే అడగాలి. గర్భంతో ఉన్నవాళ్లు, గాయం మానితే కీలాయిడ్‌లా ఉబ్బేవాళ్లు, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే లూపస్ లాంటి జబ్బులున్నవాళ్లు, ముఖం మీద మొటిమలు చీముతో ఉన్నవాళ్లు వేయించుకోకూడదు. పెదాల మీద తరచూ పొక్కులు లేచేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఈ ఆరు వారాల్లో ఏం చేయాలో చెబుతాను. ఇదేమీ ఖరీదు కాదు. రోజూ ఉదయం రంగు కలిసిన సన్‌స్క్రీన్, ఎస్పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ, రెండు వేళ్ల మీద పొడవునా పిండినంత, ముఖానికీ మెడకూ. ఆ రంగుకు కారణం ఐరన్ ఆక్సైడ్, మంగును పెంచే మామూలు వెలుతురును కూడా అది ఆపుతుంది, రంగులేని క్రీములు అంతగా ఆపలేవు. మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో ఇంకోసారి. స్కూటీ మీద పూర్తి ముఖం కప్పే హెల్మెట్. కొత్త మందుల ప్రయోగాలు ఇప్పుడు వద్దు. రెటినాయిడ్ క్రీములు నిజంగా చర్మాన్ని బాగు చేస్తాయి, కానీ మొదటి నెలలో చర్మం పొట్టు లేచి ఎర్రబడుతుంది, వాటిని పెళ్లయ్యాక మొదలుపెడదాం. రాత్రి మామూలు మాయిశ్చరైజర్ చాలు. మంగుకు అజిలాయిక్ యాసిడ్ లాంటి మెత్తటి మందు రాయవచ్చు, అదీ చర్మం చూశాకే. బ్లీచ్, పార్లర్ పీల్, గోల్డ్ ఫేషియల్ పెళ్లికి ముందు పదిహేను రోజులు దగ్గరికి రానివ్వకండి. తింటున్నదాంట్లో పప్పు, గుడ్డు, పెరుగు తగ్గాయేమో చూసుకోండి, బరువు తగ్గే హడావుడిలో మాంసకృత్తులు తగ్గించేసినవాళ్ల ముఖం ఇంకా తొందరగా వడలిపోతుంది. ఇప్పుడు ఇంకా బరువు తగ్గే ప్రయత్నం ఆపి, ఉన్నదగ్గర నిలబెట్టుకోండి.

నుదురు మీద, కనుబొమ్మల మధ్య గీతలు మరీ బాధపెడుతుంటే బొటాక్స్‌కు ఆరు వారాల టైము సరిపోతుంది, రెండు వారాల్లో పూర్తిగా పనిచేస్తుంది, మూడు నాలుగు నెలలు ఉంటుంది. మీ జారుడుకు మాత్రం అది మందు కాదు. ఫోటోగ్రాఫర్‌తో కూడా ఒక మాట చెప్పండి, లైటు నెత్తి మీద నుంచి కొట్టకుండా ఎదురుగా, కళ్ల ఎత్తులో పెట్టమని. నోటి పక్క గీతలు సగం పైనుంచి పడే లైటు చేసేవే.

పెళ్లయి, చుట్టాలంతా వెళ్లాక, రెండు మూడు నెలలకు బరువు స్థిరంగా ఉందనుకుంటే అప్పుడు వచ్చి చూపించుకోండి. దారమా, ఫిల్లరా, చర్మం లోపల వేడి పుట్టించే రేడియో ఫ్రీక్వెన్సీ సూదులా, ఏదీ వద్దా అన్నది ముఖం చూసి మాట్లాడుకోవచ్చు. వచ్చేటప్పుడు తాజా హెచ్‌బీఏ1సీ రిపోర్టు, వాడుతున్న మాత్రల చీటీలు, ఇన్నాళ్లూ రాసిన క్రీముల ట్యూబులు, ఖాళీవైనా సరే, ఇంకా బరువు తగ్గకముందు తీసిన ఫోటో ఒకటి తెచ్చుకోండి. మేకప్ లేకుండా రండి.